గిలకలదిండిలో ఒక టన్ను చల్లదనం

మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండే అంకమ్మరావు ముప్పై రెండేళ్ళు ఐసు తయారుచేశాడు. గిలకలదిండి హార్బరు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు ఉద్యోగం. వేటకెళ్ళే బోట్లలో సగం బోట్లకి ఆయన తీసిన ఐసే వెళ్ళేది. సముద్రంలో వారం రోజులుండి వచ్చిన చేప కూడా కళ్ళు తేటగా పెట్టుకుని వేలంపాటలో పడుకునేదంటే అదంతా ఆయన చలవే. ఇంట్లో మనుషుల సంగతి వేరు. వాళ్ళని వేలం వేసేవాళ్ళెవరూ లేరు కాబట్టి, చల్లగా ఉంచాలని ఎవరికీ తోచలేదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అంకమ్మరావుకి ఎండాకాలం మీద నమ్మకం లేదు. పొద్దున్న ఏడింటికి ఫ్యాక్టరీలోకి వెళ్తే, సాయంత్రం సముద్రం గాలి బాగా తిరిగాక బయటికొచ్చేవాడు. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం పెట్టినా ఫ్యాక్టరీ ఆగేది కాదు. చెరువు చేపలకీ రొయ్యలకీ ఐసు కావాలి కదా. ఆదివారం కూడా ఏదో వంక పెట్టుకుని వెళ్ళి, ఐసు దిమ్మలు నిలవుంచే గది గుమ్మంలో ఓ కునుకు తీసి వచ్చేవాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా, "ఏం ఎండలు బాబాయ్, చచ్చిపోతన్నాం," అంటే జాలిగా చూసేవాడు.

"మా చిన్నప్పుడు ఇంతకంటే ఎక్కువుండేయి. ఇప్పటి జనానికి ఓపిక తగ్గింది," అనేవాడు, మెడకి చుట్టుకున్న మఫ్లరు సర్దుకుంటూ.

ఓపిక తగ్గిన జనంలో మొదటి మనిషి ఆయన భార్య సత్యవతి. ఆవిడ తెల్లారేసరికి హార్బర్లోనో, నిషేధం రోజుల్లో అయితే మార్కెట్లోనో చేపలు కొని, ఆటోలో బందరు ఊళ్ళోకి వెళ్ళి, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకుని, ఒంటిగంటకి ఇంటికొచ్చేది. ఇల్లంటే ఒక్క శ్లాబు గది, ముందు సిమెంటు రేకుల వసారా. మే నెలలో ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా ఆ గదిలో పడుకోవడమంటే అట్ల పెనం మీద చాప పరుచుకోవడమే. ఆవిడ నేల మీద నీళ్ళు చల్లి, తడి తువ్వాలు కప్పుకుని పడుకునేది. పైన ఫ్యాను తిరిగేది. శ్లాబులోని వేడిని మనిషి మీదికి దింపడం దాని పని. ఆ పని అది చాలా శ్రద్ధగా చేసేది.

అయిదేళ్ళ క్రితం గుడివాడలో ఉండే కూతురు సుమతి ఏసీ పెట్టించుకుంది. అది చూసొచ్చి సత్యవతి మొదటిసారి అడిగింది.

"మనమూ ఒకటి పెట్టించుకుందామయ్యా."

అంకమ్మరావు నవ్వాడు. "ఏసీ సంగతి నాకు చెప్తన్నావా? రోజుకి ఇరవై టన్నుల ఐసు తీసే మిషన్లు నడుపుతున్నోణ్ణి. అందులో ఏముందే? ఓ కంప్రెసరు, కాస్త గ్యాసు. దానికి ముప్పైవేలు పొయ్యాలా?"

"అయితే నువ్వే తయారుచెయ్యి."

ఆయన తయారుచెయ్యలేదు గానీ, మరుసటి వారం ఒక కూలరు తెచ్చాడు. అట్టపెట్టె మీద ఇసుకతిన్నెలు, ఒంటె బొమ్మా ఉన్నాయి. పొడిగాలి వీచే దేశంలో కూలరు బంగారమే, కాదనను. బందర్లో కూడా పడమటి గాలి వీచినంతసేపూ, అంటే మధ్యాహ్నం దాకా, అది మర్యాదగానే నడిచేది. సముద్రం గాలి తిరిగిందంటే మాత్రం గదంతా ఇడ్లీపాత్ర మూత తీసినట్టుండేది. వారం తిరిగేసరికి అప్పడాలు మెత్తబడ్డాయి. అగ్గిపుల్లలు వెలగడం మానేశాయి. దేవుడి పటం వెనక బూజు పట్టింది. సత్యవతి కూలరుని వసారాలోకి నెట్టి దాని మీద గంపలు బోర్లించింది. అంకమ్మరావు ఫ్యాక్టరీలో, "మా ఇంట్లో కూలింగుకి లోటేం లేదు," అని చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత రెండో వేసవిలో ఆవిడ మార్కెట్లో చెరువు చేపల లారీ దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, "మధ్యాహ్నాలు చల్లటి చోట ఉండమ్మా," అని చెప్పి పంపారు. ఆవిడ ఆ మాట మొగుడికి చేరవేసింది. ఆయన బాగా ఆలోచించి, రోజూ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు క్యారేజీ నిండా ఐసు ముక్కలు తెస్తానన్నాడు. మధ్యాహ్నం కావలసిన చల్లదనం సాయంత్రం ఆరున్నరకి రావడంలో ఆయనకి తప్పేం కనపడలేదు.

కిందటేడు ఏప్రిల్ ఆఖరున అంకమ్మరావు రిటైరయ్యాడు. నలభై రెండు డిగ్రీల ఎండలో యజమాని ఆయనకి దళసరి శాలువా కప్పాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. సెటిల్‌మెంటు డబ్బు బ్యాంకులో పడింది. మే నెల మొదటి మధ్యాహ్నం, పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి, అంకమ్మరావు సొంత ఇంట్లో పడుకున్నాడు.

పావుగంటకి చొక్కా విప్పాడు. అరగంటకి బనీను విప్పాడు. ఇంకా విప్పడానికి మర్యాద అడ్డొచ్చి వసారాలోకి వచ్చాడు. రేకుల కింద రెండు నిమిషాలు కూర్చుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. రెండోరోజు భోజనం అవగానే, కొత్త ఆపరేటరు ఎలా చేస్తున్నాడో చూసొస్తానని ఫ్యాక్టరీకి వెళ్ళి సాయంత్రం దాకా చూశాడు. మూడోరోజు కూడా చూశాడు. నాలుగోరోజు యజమాని ఎదురొచ్చి, "ఏమన్నా మర్చిపోయావా అంకమ్మరావూ?" అని అడిగాడు. ఇక వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

ఐదోరోజు మధ్యాహ్నం నేల మీద వెల్లకిలా పడుకుని అడిగాడు. "ఇల్లు ఎప్పుడూ ఇట్టాగే ఉంటదా?"

"లేదు," అంది సత్యవతి. "నువ్వు రిటైరయ్యావని ఇయ్యాలే ఇట్టా అయ్యింది."

ఆయన ఆవిడవైపు ఒత్తిగిలాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఆవిడ తువ్వాలు తడిపి మొహం మీద వేసుకుని అటు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బందర్లో పూర్ణచంద్రరావు ఏసీల కొట్టుకి బయల్దేరారు.

పూర్ణచంద్రరావు కొట్లో గోడ నిండా మంచుకొండల బొమ్మలు. ఆయన మాత్రం మూలనున్న టేబులు ఫ్యాను ముందు కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. అమ్మకాలు చూసే అమ్మాయి శ్రావ్య నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఎన్ని టన్నులు చూపించమంటారు అంకుల్?"

"టన్నంటే ఏంటో తెలుసా అమ్మా?"

"రూమ్ సైజండీ. పది బై పదికి ఒక టన్ను."

అంకమ్మరావు ముప్పై రెండేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీ లాక్కున్నాడు. "కాదమ్మా. ఒక టన్ను ఐసు రోజంతా కరిగితే ఎంత చలవ చేస్తదో, అంత. ఆ టన్ను మన టన్నుకంటే కాస్త చిన్నది లే. మా ఫ్యాక్టరీ దిమ్మ యాభై కేజీలు. అంటే పద్దెనిమిది దిమ్మలు గదిలో పేర్చినట్టు."

శ్రావ్య భక్తిగా విని, "త్రీ స్టారా అంకుల్, ఫైవ్ స్టారా?" అంది.

ధర ముప్పై నాలుగు వేల ఐదొందలని చెప్పాడు పూర్ణచంద్రరావు. ఇన్‌స్టలేషన్ పూర్తిగా ఫ్రీ అని కూడా చెప్పాడు. ఫ్రీ అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు, పక్కవాళ్ళు వింటే ఎగబడతారన్నట్టు. సత్యవతి ఏసీ చుట్టూ తిరిగి చూసింది.

"చేపయితే మొప్ప ఎత్తి చూస్తాం. దీనికేం చూడాలి బాబూ?"

"దీనికి స్టార్లు చూడాలమ్మా."

"ఆ స్టార్లు మీరే అంటిస్తారా?"

గంటసేపు బేరమాడి ముప్పై మూడు వేలకి దించింది. బయటికొచ్చాక అంకమ్మరావు ఆమెను మెచ్చుకున్నాడు. పదిహేనొందలు మిగిలాయని ఆటో ఎక్కి, దారిలో చెరకు రసం కూడా తాగారు. ఆ ఏసీ విషయంలో వాళ్ళు డబ్బు మిగుల్చుకున్న ఆఖరి గంట అదే.

రెండ్రోజులకి మెకానిక్ కిరణ్ కుమార్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మాట మెత్తన. వచ్చీరాగానే గోడా కిటికీ మీటరూ చూసి, మంచినీళ్ళు తాగి, ప్రేమగా అన్నాడు.

"ఫ్రీ అంటే నేను రావడం ఫ్రీ మావయ్యా."

మిగతావన్నీ రావడానికి డబ్బులవుతాయి. సందు ఇరుకు కాబట్టి బయటి యూనిట్టు శ్లాబు మీద పెట్టాలి. డబ్బాలో ఇచ్చిన రాగి పైపు మూడు మీటర్లు, కావాల్సింది ఎనిమిది. మీటరు తొమ్మిదొందలు. మామూలు ఇనప స్టాండు ఈ ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పు రాలిపోతుంది, మంచిది కావాలంటే రెండింతలు. గోడకి కన్నం వెయ్యడానికి వేరే, ఎందుకంటే పాత గోడ, ఇటుక గట్టిది. ఇల్లు గట్టిగా కట్టించుకున్నందుకు కూడా జరిమానా పడుతుందని అంకమ్మరావు అప్పుడే తెలుసుకున్నాడు. వోల్టేజీ నమ్మకం లేదు కాబట్టి స్టెబిలైజరు. పాత వైరు మోయలేదు కాబట్టి మీటరు దగ్గర్నుంచి కొత్త వైరు. ఎర్తు లేదు కాబట్టి ఒక గొయ్యి.

"గోతిలోకి ఒక బస్తా బొగ్గు, ఒక బస్తా ఉప్పు తెప్పించండి మావయ్యా," అన్నాడు కిరణ్ కుమార్.

"సముద్రం పక్కన ఇల్లు. పెరట్లో వంగచెట్టు బతకదు ఉప్పుకి. మళ్ళీ ఉప్పు కొనాలా?"

"అది ఫ్రీ ఉప్పు కదండీ. అంత బాగా పని చెయ్యదు."

తర్వాత కరెంటాఫీసులో ఇంటి లోడు పెంచమని అర్జీ, దానికో రుసుము. కిటికీకి వలే తప్ప అద్దం లేదు, వడ్రంగి వచ్చాడు. తలుపు కింద ఎలుక పట్టేంత సందుంది, వడ్రంగి మళ్ళీ వచ్చాడు. శ్లాబు మీద ఎండ తిప్పికొట్టే తెల్లరంగు వెయ్యకపోతే ఏసీ పైకప్పునే చల్లబరుస్తూ కూర్చుంటుందన్నారు. రంగు వేశారు. పనంతా జరిగిన ఆరు రోజులూ అంకమ్మరావు ఓ స్టూలు వేసుకుని కూర్చుని చూశాడు. కంప్రెసరు గురించీ గ్యాసు గురించీ ఆ కుర్రాడికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆ సంగతి కిరణ్ కుమార్ కూడా ఒప్పుకున్నాడు. బిల్లులో మాత్రం ఆ జ్ఞానానికి తగ్గింపు లేదు. చివరికి ముప్పై మూడు వేల ఏసీ అరవై ఎనిమిది వేలకి చల్లబడింది.

మొదటిరోజు అంకమ్మరావు రిమోటు తన చేతిలోనే ఉంచుకుని పద్దెనిమిదికి పెట్టాడు. డబ్బు పెట్టినప్పుడు పూర్తి చలి రావాలని ఆయన లెక్క. అరగంటకి దగ్గు మొదలై, రిటైర్మెంటు శాలువా తీసి కప్పుకున్నాడు. సత్యవతి రిమోటు లాక్కుని ఇరవై ఆరు చేసింది. చేసి, గోడవైపు తిరిగి, మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా పడుకుంది. ముప్పై ఏళ్ళలో ఆవిడ మధ్యాహ్నం గురక పెట్టగా వినడం ఆయనకి అదే మొదలట. మర్నాడు మాకందరికీ చెప్పాడు.

చెప్పకుండా ఉండాల్సింది. ఆ మాట విన్న మర్నాడే పక్కింటి జీవరత్నమ్మ పోట్లాటకి వచ్చింది. శ్లాబు మీది యూనిట్టు నుంచి వేడిగాలి సూటిగా ఆవిడ మేడ మీది వంటింటి కిటికీలోకి వెళ్తోంది.

"మీకు చల్లగా ఉండటానికి మేం ఉడికిపోవాలా సత్యవతీ? ఇదెక్కడి న్యాయం?"

"నిజమే వదినా. లోపలికొచ్చి కూర్చుని తిట్టు," అంది సత్యవతి.

జీవరత్నమ్మ లోపలికెళ్ళి కూర్చుంది. నాలుగింటిదాకా తిట్టలేదు. మర్నాడు ఏడాది నిండని మనవరాలిని ఎత్తుకొచ్చింది. వేట నిషేధం కాబట్టి సత్యవతితో చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్దగా పనుల్లేవు. ఒకరి వెనక ఒకరు రావడం మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఆ పది బై పది గదిలో మధ్యాహ్నాలు పదకొండు మంది. అంకమ్మరావుకి చోటు లేక వసారాలో కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ, "తలుపు, తలుపు," అని అరిచేవాడు. లోపల పదకొండు మంది ఒంటివేడి కలిసి గది ముప్పై డిగ్రీల కంటే కిందికి దిగడం లేదు. అయినా అది బయటి మీద పన్నెండు డిగ్రీలు తక్కువ. నేనూ రెండు మధ్యాహ్నాలు ఏదో పని కల్పించుకుని వెళ్ళాను. దాచడమెందుకు?

చూసినవాళ్ళు ఊరుకుంటారా? నెలాఖరుకి మా వీధిలో ఇంకో మూడు ఏసీలు వచ్చాయి. పూర్ణచంద్రరావు మూడింటికీ ఇన్‌స్టలేషన్ ఫ్రీగానే ఇచ్చాడు. లోడు పెంచమని అర్జీ పెట్టింది మాత్రం అంకమ్మరావు ఒక్కడే. జూన్ మొదటి వారంలో, రోహిణీ కార్తె ఆఖరి రోజుల్లో, మధ్యాహ్నం రెండింటికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలి పొగలొచ్చింది. వీధంతా చీకటి కాలేదు, పగలు కదా. ఉడకడం మాత్రం మొదలైంది. రెండ్రోజులకి ఎక్కడో దింపిన పాతది తెచ్చి బిగించారు. నాలుగోరోజు అదీ పోయింది.

తప్పెవరిదో వీధివాళ్ళు వెంటనే తేల్చేశారు. కొత్తగా ఏసీ పెట్టిన ముగ్గురూ అందరికంటే గట్టిగా అంకమ్మరావుని తిట్టారు. ఆయన తల వంచుకుని, ఏసీ అమ్మేస్తానన్నాడు.

"అమ్ముతావా? గోతిలో పోసిన ఉప్పు కూడా తవ్వి అమ్ము," అంది సత్యవతి.

మర్నాడు పదింటికి ఆవిడా, జీవరత్నమ్మా, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళూ కరెంటాఫీసుకి వెళ్ళారు. అందరి నెత్తి మీదా గంపలు. నిషేధం రోజులు కాబట్టి గంపల్లో ఎండుచేపలు. అధికారి గదిలో ఏసీ చక్కగా నడుస్తోంది. ఆయన మంచివాడే, కూర్చోమని చెప్పి విన్నాడు.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలమ్మా. అంచనా తయారుచెయ్యాలి, పైనుంచి మంజూరు రావాలి. ఓ నెల పడుతుంది."

"పర్లేదు బాబూ," అంది సత్యవతి. "నెలయినా ఉంటాం."

"ఎక్కడ?"

"ఇక్కడేనండీ. నన్ను చల్లటి చోట ఉండమని డాక్టరు గారు చెప్పారు. మా ఇంట్లో ఏసీ నడిచేదాకా మీది వాడుకుంటాం."

గంపలు దింపి గోడ వారన వరసగా కూర్చున్నారు. కిటికీలు మూసి ఉన్న గదిలో ఎండిన నెత్తళ్ళూ సావిడాయలూ ఎంత వాసన వేస్తాయో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు మర్యాదగా లేచి వచ్చి, మర్నాడు పదింటికి మళ్ళీ వెళ్ళారు. రెండోరోజు అధికారి సుగంధం స్ప్రే కొట్టించాడు. దాంతో మల్లెపూలలో ఎండుచేపలు వండినట్టయింది. మూడోరోజు ఆయన ఫైళ్ళు పట్టుకుని బయట చెట్టునీడకి మారాడు. అక్కడ నలభై మూడు డిగ్రీల్లో కూర్చుని ఫోన్లు చేశాడు. గదిలో కూర్చుని ఎప్పుడూ అన్ని ఫోన్లు చెయ్యలేదని అటెండరు తర్వాత చెప్పాడు. ఆరోరోజు పొద్దున కొత్త ట్రాన్స్‌ఫార్మరు లారీలో మా వీధికి వచ్చింది. నెల అంటే ఆరు రోజులని మాకప్పుడే తెలిసింది.

లారీ వెళ్ళాక సత్యవతి అంకమ్మరావుని తిట్టిన ఆ ముగ్గురినీ పిలిచి, వాళ్ళ లోడు అర్జీలు తానే దగ్గరుండి రాయించింది. ముగ్గురూ మారుమాటాడకుండా రుసుము కట్టారు.

జూన్ సగానికి నిషేధం అయిపోయి బోట్లు కదిలాయి. ఆడవాళ్ళు హార్బరు పనుల్లో పడ్డారు. గదిలో మధ్యాహ్నాలు సత్యవతి ఒక్కతే మిగిలింది. అప్పుడు కరెంటు బిల్లు వచ్చింది. ఎప్పుడూ మూడొందలు దాటని ఇల్లు, మూడువేల ఒక వంద. అంకమ్మరావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అంకె మారలేదు. ఇకనుంచి రోజుకి రెండు గంటలే, ఒంటిగంట నుంచి మూడింటిదాకా, ఆ తర్వాత తానే ఆపేస్తానని ప్రకటించాడు. సత్యవతి సరేనంది. ఆవిడ అంత త్వరగా సరేననడం ఆయనకి కాస్త అనుమానంగానే ఉందట.

మర్నాడు మూడింటికి ఆయన లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగింది నాతో ఒక్కసారే చెప్పాడు, అదీ నేల చూపులు చూస్తూ. ఆవిడ చాప మీద వెల్లకిలా నిద్రపోతోంది. పాదాలు పగిలి, పగుళ్ళలో ఉప్పు తెల్లగా గీతలు కట్టి ఉంది. నడినెత్తిన గంప పెట్టే చోట జుట్టు పల్చబడి అరచెయ్యంత మేర చర్మం కనిపిస్తోంది. అది ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో ఆయనకి గుర్తు రాలేదు. పగటి వెలుగులో ఆ మనిషిని అంత దగ్గర్నుంచి చూసిందెప్పుడు?

చేతిలో రిమోటు నొక్కకుండానే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వసారాలో కూర్చున్నాడు. మూడున్నరకి జీవరత్నమ్మ ఏదో అడగడానికి వస్తే, మాట్లాడొద్దని చెయ్యి ఊపాడు.

నాలుగుంబావుకి సత్యవతి లేచి గుమ్మంలోకి వచ్చింది. గోడగడియారం చూసింది, మొగుణ్ణి చూసింది.

"మూడింటికి ఆపుతానన్నావు?"

"రిమోటులో బ్యాటరీ అయిపోయినట్టుంది," అన్నాడు అంకమ్మరావు.

ఆవిడ గుమ్మంలో కూర్చుని జుట్టు ముడేసుకుంటూ, టీ పెట్టమంది. పాలెక్కడున్నాయో తెలియక రెండుసార్లు అడిగి, ఆయనే పెట్టాడు.